నరముల వ్యాధిలో వ్యాయామము: మేలా, కీడా?

ఒడలు అలసినను, నిద్ర పట్టకున్నను "నరముల బలహీనత" యని చెప్పుకొనుట మనలో వాడుక. అంగడిలోని టానిక్కు సీసాలపైని గూడ ఆ మాటయే కనబడును. మేము నేడు శ్రోతలకు మనవి చేయబోవునది దానిని గూర్చి కాదు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించి, కాళ్లకును చేతులకును పోవు నరములను క్రమముగా క్షీణింపజేయు వ్యాధి యొకటి కలదు. 1886లో పారిస్ నగరమున షార్కో, పియేర్ మారీ యను వైద్యులును, అదే యేట ఇంగ్లండులో హోవర్డ్ హెన్రీ టూత్ అను వైద్యుడును దీనిని వర్ణించిరి. కావున షార్కో-మారీ-టూత్ వ్యాధి యని దీనికి పేరు వచ్చినది. సుమారు 2,500 మందిలో ఒకరికి ఇది యుండునని అంచనా. ఇది అంటువ్యాధి కాదు. సాధారణముగా బుద్ధిబలమును గాని ఆయుష్షును గాని తగ్గింపదు.

నరమును విద్యుత్తు తీగతో పోల్చవచ్చును. లోపలి తంతువు మెదడు ఆజ్ఞను కండరమునకు చేర్చును. పైనున్న తొడుగు ఆ ఆజ్ఞను వేగముగా సాగనిచ్చును. ఆరోగ్యవంతుని ముంజేతి నరములో ఆజ్ఞ సెకండునకు దాదాపు 50 మీటర్లో, అంతకు మించియో పరుగెత్తును. తొడుగు చెడిన రకములలో ఆ వేగము 38 మీటర్లకు లోబడియుండును. వీనిలో మిక్కిలి సాధారణమైన రకమునకు 17వ క్రోమోజోములోని యొక చిన్న భాగము ఒకటికి రెండుగా నుండుటయే కారణమని 1991లో తేలినది. తల్లిదండ్రులలో ఒక్కరికి ఈ దోషమున్నను, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు.

దేహమున అతి పొడవైన నరములు పాదములకు పోవునవి. కావున దెబ్బ ముందుగా అచ్చటనే తగులును. పాదపు వంపు లోతగును; వ్రేళ్లు ముడుచుకొనును; చీలమండ తరచు బెణకును. నడచునపుడు పాదము వ్రేలాడి, కాలి చెప్పు జారిపోవును. కాలక్రమమున చేతివ్రేళ్లు గూడ బలము తప్పి, బొత్తాము పెట్టుకొనుట, తాళము త్రిప్పుట కష్టమగును.

ఇట్టి బిడ్డను ఇంటివారు ఆటలకు పోనీయరు. "పరుగెత్తకు నాయనా, ఉన్న బలము గూడ పోవును" అందురు. ఈ భయము వైద్యులకును లేకపోలేదు. నరముల పట్టు కొంత తప్పిన కండరమునకు అతిశ్రమ కీడు చేయునేమో యని పోలియో రోగుల విషయమున 1950 దశాబ్దిలోనే వారు శంకించిరి. ఈ వ్యాధిలో, ఎక్కువగా వాడు చేయి రెండవదానికంటె బలహీనముగా నున్నదని 2003లో కొందరు ప్రకటించిరి. కాని తరువాతి పరిశీలనలు దానిని బలపరుపలేదు.

2017లో వెలువడిన యొక ప్రయోగఫలితము ఇంకను ధైర్యము కలిగించును. ఆస్ట్రేలియాలో 6 మొదలు 17 ఏండ్ల వయసుగల 60 మంది పిల్లలను రెండు జట్లు చేసిరి. ఆరు మాసములు, వారమునకు మూడుమారులు, ఒక జట్టు పాదమును పైకెత్తు కండరములకు క్రమముగా బరువు పెంచుచు సాధన చేసినది. రెండవ జట్టు నామమాత్రపు బరువుతో చేసినది. రెండేండ్లకు చూడగా, మొదటి జట్టులో ఆ కండరముల బలము తరుగుట తక్కువగా నుండెను. సాధనవలన హాని కనబడలేదు.

వ్యాయామము చెడిన నరమును బాగుచేయజాలదు. వ్యాధిని కుదుర్చు మందు ఇంకను రాలేదు. అయితే కదలక కూర్చున్నవానికి వ్యాధి తెచ్చు బలహీనతపై వాడుక లేమి తెచ్చు బలహీనత మరియొకటి చేరును. మొదటిది మన చేతిలో లేదు, రెండవది ఉన్నది.

ఇక చేయవలసిన దేమి? ముందుగా నరముల వైద్యునికిని, ఫిజియోథెరపిస్టునకును చూపి, ఏ కండరమునకు ఎంత బలమున్నదో తెలిసికొనవలెను. ఈత, సైకిలు, సమతలమున నడక, తేలికపాటి బరువులు అనుకూలమైనవి. పిక్కలు బిగిసికొనిపోకుండ దినదినము సాగదీయవలెను. పాదము వ్రేలాడువారు వైద్యుడు చెప్పిన ఆధారపు పట్టీని ధరింపవలెను. మరునాటి ఉదయమునకును అలసట తీరకున్నచో మోతాదు తగ్గింపవలెను. పాదములలో స్పర్శజ్ఞానము తగ్గియుండును గనుక, వేసవిలో కాలిన రాతినేలపై ఉత్తకాళ్లతో నడువరాదు. దినమును పాదముల అడుగు పరీక్షించుకొనవలెను.

బిడ్డను పందెమునకు పంపుమని మేము చెప్పము. గడప దాటనీయకుండుట మాత్రము తగదు. మితమెరిగిన శ్రమ ఆ పాదములను మరికొన్ని యేండ్లు వాని యిచ్చ వచ్చిన చోటికి నడిపింపవచ్చును.