కొమ్ముచెంబులో ఏ నీళ్ళు?

హైదరాబాద్ చాంద్రాయణగుట్ట చౌరస్తాలో సాయంత్రం పూట రుమాలు లేకుండా నిలబడడం కష్టం. ఫలక్‌నుమా నుంచి వచ్చే ఆటోలు, బార్కాస్ మీదుగా విమానాశ్రయం వైపు పోయే లారీలు, కంచన్‌బాగ్ ఆఫీసు బస్సులు అన్నీ ఇక్కడే కలుస్తాయి. దుమ్ముకు కూడా ఇదే మజిలీ. పడిశం, తలబరువు, కళ్ళ మధ్య నొప్పి అంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళకు మాత్రలతో పాటు ‘ముక్కు కడుక్కోండి’ అన్న సలహా ఇప్పుడు మామూలైంది. మందుల దుకాణంలో మెత్తటి ప్లాస్టిక్ సీసా, ఉప్పు పొట్లాల పెట్టె చేతిలో పెడతారు. అందులో ఏ నీళ్ళు పోయాలో పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివేవాళ్ళు తక్కువ.

ఈ సీసాకు ముత్తాత జలనేతి చెంబు. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో నేతి క్రియ అంటే ముక్కులోంచి దారం దూర్చి నోట్లోంచి తీయడం. ఆ తర్వాతి ఘేరండ సంహితలో ముక్కుతో నీళ్ళు పీల్చి నోటితో వదిలే పద్ధతి కూడా ఉంది. ఆ క్రియలు సాధకులవి, గురువు కళ్ళెదుట చేసేవి. సంసారులకు పనికొచ్చినది మాత్రం కొమ్ముచెంబు. రాగిదో ఇత్తడిదో, పక్కన సన్నటి కొమ్ము ఉన్న చెంబు తీసుకుని తల వంచి ఒక ముక్కులో పోస్తే నీళ్ళు రెండో ముక్కులోంచి వచ్చేస్తాయి. తెలుగునాట ప్రకృతి చికిత్సాలయాలు రోగులకు నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి.

నీళ్ళు గొంతులోకి జారకుండా రెండో ముక్కులోంచే ఎందుకొస్తాయన్న ప్రశ్నకు యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దంలో జవాబు దొరికింది. 1840లలో లైప్‌జిగ్ శరీరశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హైన్రిక్ వేబర్ గమనించాడు: ఒక ముక్కులో కొంచెం ఒత్తిడితో నీళ్ళు నింపితే అంగిటి వెనకభాగం దానంతటదే పైకి లేచి గొంతు దారి మూసేస్తుంది. ఈ సంగతి ఆధారంగా లండన్‌లో స్థిరపడ్డ జర్మన్ వైద్యుడు థూడికం 1864లో సైఫన్ గొట్టంతో ముక్కు కడిగే పరికరం తయారుచేశాడు. ఎత్తున పెట్టిన పాత్ర, రబ్బరు గొట్టం, చివర ముక్కుకు ఆనించే బుడిపె. అది బాగా ప్రచారంలోకి వచ్చింది. పాత్ర మరీ ఎత్తున పెడితే నీళ్ళు మధ్యచెవిలోకి పోయి చీము పడుతోందని చెవి వైద్యులు గోలపెట్టిందీ ఆ రోజుల్లోనే. అదే థూడికం తర్వాత మెదడు రసాయనాల మీద పెద్ద గ్రంథం రాసి ఆ శాస్త్రానికే ఆద్యుడనిపించుకున్నాడు. ముక్కుకూ మెదడుకూ మధ్య ఉన్న దారి ఎంత పొట్టిదో ఆయనకు తెలియకుండా ఉండదు. ఆ దారిలో ఏం ప్రయాణించగలదో ఊహించే అవకాశం మాత్రం ఆ కాలానికి లేదు.

మంచినీళ్ళు పోస్తే ముక్కు భగ్గున మండుతుంది. శరీర కణాల లోపలి ఉప్పదనంతో పోలిస్తే ఆ నీళ్ళు పలచన కాబట్టి కణాలు వాటిని పీల్చుకుని ఉబ్బుతాయి. 1890లలో డచ్ శాస్త్రజ్ఞుడు హాంబర్గర్ రక్తకణాల మీద చేసిన ప్రయోగాలతో 0.9 శాతం ఉప్పునీటి లెక్క స్థిరపడింది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ అదే. లీటరుకు 9 గ్రాములు, అంటే టీ స్పూనుతో తలగొట్టి ఒకటిన్నర. చిటికెడు వంటసోడా కలిపితే మంట ఇంకా తగ్గుతుంది.

పరికరం ఆ తర్వాత తేలికైపోయింది. 2000లో కాలిఫోర్నియాలో కేతన్ మెహతా అనే భారతీయ సంతతి వైద్యుడు నీల్‌మెడ్ సంస్థ పెట్టి, నొక్కితే నీళ్ళు చిమ్మే సీసానూ కొలిచి కట్టిన ఉప్పు పొట్లాలనూ అమ్మాడు. 2007లో ఓప్రా విన్‌ఫ్రీ టీవీ కార్యక్రమంలో డాక్టర్ ఆజ్ నేతి చెంబు చూపించడంతో అమెరికా ఇళ్ళన్నిటికీ దాని పేరు తెలిసిపోయింది. చెంబు, గొట్టం, సీసా, ఉప్పు కొలత: అన్నీ మెరుగుపడ్డాయి. నీళ్ళ సంగతి మాత్రం చాలామంది కుళాయికి వదిలేశారు.

2011లో లూసియానాలో ఇద్దరు, 28 ఏళ్ళ యువకుడు, 51 ఏళ్ళ మహిళ, కొద్ది నెలల తేడాతో మెదడువాపుతో చనిపోయారు. ఇద్దరూ చెరువులో ఈదలేదు. ఇద్దరూ కుళాయి నీళ్ళతో నేతి చేసేవారు. పరీక్షల్లో నెగ్లీరియా ఫౌలరీ అనే అమీబా వాళ్ళ ఇళ్ళ లోపలి పైపుల్లో దొరికింది. ఊరికి సరఫరా అయ్యే నీటిలో దొరకలేదు. అంటే నీళ్ళు ఇంటి గడప దాటాక చెడ్డాయి.

టీవీ చానళ్ళు ‘మెదడు తినే అమీబా’ అని భయపెట్టే జీవి ఇదే. వెచ్చటి మంచినీళ్ళలో బాక్టీరియాను తింటూ హాయిగా బతుకుతుంది. మనిషి దానికి అవసరమే లేదు. తాగితే కడుపులోని ఆమ్లం దాన్ని చంపేస్తుంది. ముక్కు పైకప్పులో జల్లెడలా చిల్లులున్న పలచటి ఎముక ఉంటుంది, దాని గుండా వాసన నాడులు మెదడుకు పోతాయి. అమీబా ఆ నాడుల వెంటే పైకి పాకుతుంది. అమెరికాలో 1962 నుంచి 2023 వరకు 164 మందికి ఈ జబ్బు వస్తే బతికింది నలుగురు. చాలా అరుదైనదే. కానీ వస్తే కోలుకునే అవకాశం దాదాపు లేదు. ఇలాంటి లెక్కలో జాగ్రత్తకయ్యే ఖర్చు కొద్ది నిమిషాల గ్యాసైతే బేరమాడడం అనవసరమని నా అభిప్రాయం.

ఈ జబ్బును మొదట గుర్తించిన ఊరి కథ మన ఎండలకు దగ్గరగా ఉంటుంది. 1965లో అడిలైడ్ పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు మాల్కమ్ ఫౌలర్, సహచరుడు కార్టర్ ఈ జబ్బుతో పోయినవారి వివరాలను ప్రకటించారు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎడారి పట్టణాలకు నీళ్ళు వందల కిలోమీటర్లు నేల మీద పరచిన ఉక్కు పైపుల్లో వెళ్ళేవి. ఎండకు పైపు కాలేది, నీళ్ళు వెచ్చబడేవి, క్లోరిన్ దారిలోనే తరిగిపోయేది. చివరి ఊళ్ళో స్నానం చేసిన పిల్లలు జబ్బుపడ్డారు. దారి పొడవునా మళ్ళీ మళ్ళీ క్లోరిన్ కలపడం మొదలుపెట్టాక జబ్బు వెనక్కి తగ్గింది.

కరాచీ మాటా చెప్పాలి. 2008, 2009లలో అక్కడ 13 మందికి ఈ జబ్బు వచ్చినట్టు ఆగాఖాన్ విశ్వవిద్యాలయ వైద్యులు రాశారు. వాళ్ళెవరూ ఈతకు వెళ్ళినవాళ్ళు కారు. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు ముక్కుకు పట్టిన నల్లా నీళ్ళే కారణం కావచ్చని తేల్చారు. తప్పు వజూది కాదు. అరచేతిలోకి వచ్చేసరికే ఆ నీళ్ళలో సరిపడా క్లోరిన్ మిగిలి ఉండకపోవచ్చు, అంతే. బార్కాస్ గల్లీల్లో రోజుకు ఐదుసార్లు ముక్కు కడుక్కునే పెద్దలకు ఈ కథ చెబితే వాళ్ళు ముందు అడిగేది ట్యాంకు ఎప్పుడు కడిగించామనే. సరైన ప్రశ్న.

ఈ వైపు నల్లాలకు ఎక్కువగా కృష్ణా నీళ్ళు, నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా నడిచి వస్తాయి. వినియోగదారు నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణం. జలమండలి లెక్క అక్కడితో సరి. ఆపైన మన రాజ్యం మొదలవుతుంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు సంపులో పడతాయి. సంపులో లేకపోతే బోరు, బోరు ఎండితే ట్యాంకరు. మోటారు వేస్తే డాబా మీది నల్ల ట్యాంకులోకి ఎక్కుతాయి. మే నెల మధ్యాహ్నం ఆ నీళ్ళతో చేతులు కడుక్కుంటే కాలుతుంది. నెగ్లీరియా 46 డిగ్రీల దాకా తట్టుకుని పెరుగుతుంది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు బురద నీళ్ళు ఇళ్ళతో పాటు సంపుల్లోకీ వెళ్ళాయి. పైకి తేటగా ఉన్న నీళ్ళను చూసి సంపు చరిత్ర చెప్పలేం.

ఆర్ఓ నీళ్ళు చాలవా అంటే, చాలవు. ఆర్ఓ పొర రంధ్రాలు అమీబా ముందు సూక్ష్మాతిసూక్ష్మం, అది దాటలేదు. కానీ పొర తర్వాత మిషన్‌లో చిన్న నిల్వ ట్యాంకు ఉంటుంది, గొట్టాలుంటాయి, క్లోరిన్ ఉండదు. ఇరవై లీటర్ల క్యాను సంగతి చెప్పనక్కర్లేదు. అంతకన్నా పెద్ద పొరపాటు ఇన్వర్టర్ షాపులో ‘డిస్టిల్డ్ వాటర్’ కొనడం. అది బ్యాటరీ కోసం ఖనిజాలు తీసేసిన నీళ్ళు, క్రిమిరహితమని ఎవరూ హామీ ఇవ్వలేదు. మందుల దుకాణంలో దొరికే అరలీటరు ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) సీసా నిజంగా శుద్ధమైనది. అయితే ‘గ్లూకోజ్ బాటిల్ ఇవ్వు’ అంటే డెక్స్‌ట్రోజ్ చేతికొస్తుంది, చక్కెర నీళ్ళు ముక్కుకు పనికిరావు. ఎన్ఎస్ అని అడిగి, 0.9 శాతం అని చూసి, తెరిచిన రోజే వాడెయ్యాలి.

రోజూ కొనలేనివాళ్ళకు పొయ్యి ఉంది. అమెరికా అంటువ్యాధుల కేంద్రం చెప్పేది తెర్లే నీళ్ళు ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటిన కొండల మీదైతే మూడు నిమిషాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. ఆ వేడి అమీబాకూ దాని గట్టి గుడ్డులాంటి దశకూ చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండువేల మీటర్ల కొండే లేదు కాబట్టి ఒక నిమిషం లెక్క మనకందరికీ వర్తిస్తుంది. అమెరికా ఔషధ శాఖ మూడు నుంచి ఐదు నిమిషాలంటుంది, నేనైతే ఆ మాటే వింటాను. పక్కన కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే ప్రయోగశాలలున్నా, ఈ పనికి చాయ్ గిన్నెను మించిన యంత్రం లేదు.

చల్లారేటప్పుడే నిర్లక్ష్యం దూరుతుంది. తొందరలో నల్లా నీళ్ళు కలిపి గోరువెచ్చగా చేస్తే కాచిందంతా వృథా. ఫ్రిజ్ ఐసు వేసినా అంతే. అదే గిన్నెలో మూత పెట్టి చల్లార్చి, ఉప్పు కలిపి, మరుసటి రోజుకు దాచకుండా వాడాలి. చెంబునూ సీసానూ కాచిన నీళ్ళతో కడిగి, మూత తీసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ప్లాస్టిక్ లోపలి జారుడు పొర బాక్టీరియాకు ఇల్లు, అమీబాకు భోజనం. ముక్కు పూర్తిగా దిబ్బడేసినప్పుడు బలంగా నొక్కకూడదు, థూడికం కాలం చెవిపోటు మళ్ళీ వస్తుంది.  సైనస్ ఆపరేషన్ తర్వాత ముక్కు కడగడం వైద్యంలో భాగమే కానీ, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పాల్సింది సర్జనే.

ముక్కు కడుక్కున్న పన్నెండు రోజుల లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళి నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. చూడ్డానికి ఇది మామూలు బాక్టీరియా మెనింజైటిస్‌లాగే ఉంటుంది, చెప్పకపోతే డాక్టరుకు తట్టదు. 2024లో కోజికోడ్ జిల్లా కుర్రాడొకడు బతికి బయటపడ్డాడంటే జబ్బును తొందరగా పట్టుకుని, కాలాజార్‌కు వాడే మిల్టెఫోసిన్ లాంటి మందులు మొదలుపెట్టడం వల్లే. వెన్నునీరు తీశాక దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకుండా వెంటనే సూక్ష్మదర్శిని కింద చూడమని ల్యాబుకు చెబుతారు. చలికి అమీబా కదలడం మానేస్తుంది, కదలని అమీబాను తెల్లరక్తకణమనుకునే ప్రమాదం ఉంది.