మేకల కొట్టం - మన లెక్కల పుస్తకం

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



"మేకల సంగతి మాకెందుకమ్మా, మేముండేది మూడో అంతస్తులో" అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నిజమే. కాని మనలో చాలామందికి ఊళ్లో అన్నయ్యో, మరిదో, తోటికోడలో ఉండనే ఉంటారు. చీటీ డబ్బు చేతికి రాగానే, "బ్యాంకులో వేస్తే ఏమొస్తుంది, మేకల్లో పెట్టు, ఏడాదికి రెండింతలవుతుంది" అనే మాట చెవిన పడుతూనే ఉంటుంది. నా చెవినా పడింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మా అత్తగారి ఊరు ఆదిలాబాద్‌కు దగ్గర్లోనే. అక్కడ మా తోటికోడలు వ్యవసాయం చూసుకుంటుంది. డబ్బు నాది, చాకిరీ ఆమెది అనుకుని, వానాకాలం మొదట్లో సంతకు పోయి 10 మేకల్ని, ఒక పోతును కొన్నాము. నల్లగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉన్నాయి. అవి ఎన్ని చేతులు మారి వచ్చాయో మాకేం తెలుసు? వారం తిరక్కుండానే ఒకదానికి జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుళ్లు, ఆ తరువాత పారుడు. నెల నిండేసరికి 6 పోయాయి. "అక్కా, నీ పైసలు మట్టిల కలిపిన" అని ఆమె ఫోనులో ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

తప్పు ఆమెది కాదు, తొందర ఇద్దరిదీ. అది పి.పి.ఆర్. అనే అంటువ్యాధి అని పశువుల డాక్టరుగారు చెప్పారు. టీకా ఒకసారి వేయిస్తే సుమారు మూడేళ్లు కాపాడుతుందట. వేయించిందీ లేనిదీ మేము అడగనైనా లేదు.

రెండోసారి బుద్ధిగా మొదలుపెట్టాము. సంతలో కాకుండా, చుట్టుపక్కల ఊళ్లలో మేకల్ని పెంచుతున్న ఇళ్లకే వెళ్లి, తల్లి ఎన్ని పిల్లల్ని ఈనిందో కనుక్కుని కొన్నాము. మన జిల్లా మహారాష్ట్రను ఆనుకుని ఉంది గనుక ఉస్మానాబాదీ జాతి మేకలు ఇటూ కనిపిస్తాయి. ఉస్మానాబాద్ పేరు ఇప్పుడు ధారాశివ్ అయింది. ఈ మేకలు ఎక్కువగా నల్లగా ఉంటాయి. కవల పిల్లల్ని ఈనడం వీటికి మామూలే. కొన్నవాటిని మూడు వారాలు విడిగా కట్టి, నట్టల మందు తాగించి, టీకాలు వేయించిన తరువాతే కొట్టంలో కలిపాము. పోతును మాత్రం రెండేళ్లకోసారి మార్చాలి. లేకపోతే దాని పిల్లలే దానికి జతయి, పుట్టేవి బలహీనంగా ఉంటాయి.

ఇక కొట్టం. మేకకు తడి నేల పడదు. మన వైపు వెదురుకు కొదవలేదు. నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున, సన్నని సందులుంచి వెదురు మంచె కడితే పెంటికలు, మూత్రం కిందికి జారిపోతాయి. ఒక్కో మేకకు 10 చదరపు అడుగుల చోటు ఉంటే చాలు. ఆదిలాబాద్ చలి మీకు చెప్పనక్కరలేదు గదా! డిసెంబరు, జనవరి నెలల్లో పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది ఆ చలికే. చుట్టూ గోనె పట్టాలు కట్టి, అడుగున ఎండుగడ్డి పరవాలి. పుట్టిన పిల్ల గంటలోపే ముర్రుపాలు తాగాలి. అదే దానికి మొదటి మందు.

మేత సంగతి. మేక వంగి మేసేదానికన్నా తలెత్తి ఆకు అందుకోవడమే దానికిష్టం. సుబాబుల్, అవిశ, తుమ్మ కొమ్మల్ని కట్టగట్టి వేలాడదీయాలి. కింద పడి తొక్కిన ఆకును అది ముట్టదు. పత్తి, కంది, సోయా పండే ప్రాంతం కనుక కంది పొట్టు, సోయా పొట్టు దొరుకుతాయి. మందు కొట్టిన పత్తి చేలో మాత్రం మేకను వదలకూడదు. నీళ్లు లేక వాడిన లేత జొన్న పైరులోకీ పోనివ్వకూడదు, అందులో విషం పుడుతుంది. తొలకరి వానలకు లేత గడ్డి మొలిచినప్పుడు వచ్చే చిటుక రోగం పేరుకు తగ్గట్టే చిటికెలో ప్రాణం తీస్తుంది. దాని టీకా ఏటా వానలకు ముందే వేయించాలి.

ఇంకొక మాట మన పట్నం వాళ్లకే. పండుగకు ఊరెళ్లినప్పుడు మిగిలిన అన్నం, పప్పు, బూరెలు "పాపం తింటుందిలే" అని మేక ముందు పెట్టకండి. ఒక్కసారిగా అంత అన్నం తింటే కడుపులో పులిసి, పొట్ట ఉబ్బి, చచ్చిపోవచ్చు కూడా. మేక పాలు కాచే తాగండి. ఈనిన మేక మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దని ఇంట్లో వాళ్లకు చెప్పండి.

ఇక డబ్బు లెక్క. ఇది మనకు బాగా వచ్చిన విద్యే గదా! మేక కట్టిన తేదీని వంటింటి క్యాలెండరు మీద రాసుకోవాలి. 21 రోజులకు మళ్లీ ఎదకు రాకపోతే చూలు నిలిచినట్టు. 150 రోజులకు ఈనుతుంది. పిల్లను అమ్మాలంటే మరో ఎనిమిది తొమ్మిది నెలలు. అంటే మొదలుపెట్టిన ఏడాదికి పైగా చేతికి పైసా రాదు. అప్పు తెచ్చి పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

పది మేకలు రెండేళ్లలో మూడేసి ఈతలు ఈనాయి అనుకుందాం. ఈతకు ఒకటిన్నర పిల్ల చొప్పున 45. అయిదో వంతు పోయాయనుకుంటే మిగిలేవి 36, అంటే ఏడాదికి 18. ఒక్కొక్కటి 16 కిలోలు తూగి, బతికున్న తూకం కిలోకు 300 రూపాయలు పలికితే 86,400. రోజుకు మేకకు 200 గ్రాముల దాణా కిలో 30 చొప్పున ఏడాదికి 21,900. మందులు, బీమా, పిల్లల దాణా, మరమ్మతులు కలిపి 14,500. మిగిలేది 50,000. నెలకు నాలుగు వేల చిల్లర! మీ ఊరి ధరలు వేసి మీరే లెక్క కట్టుకోండి. "రెండింతలు" ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

అమ్మేటప్పుడు బేరగాడు చెవి పట్టి, నడుము నొక్కి కంటితోనే తూకం చెప్తాడు. మేము ఒక స్ప్రింగు త్రాసు కొన్నాము. త్రాసు మీద ముల్లు కనబడుతుంటే 16 కిలోల పిల్లను 13 కిలోలని ఎవరనగలరు? బక్రీదుకు ముందు మగ పోతులకు మంచి ధర వస్తుంది. ఆ తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ముందే చూసుకోవాలి.

1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న మూడు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. ఆడవాళ్లు పదిమంది కలిసి డబ్బు లెక్కలు రాసుకోవడం ఇక్కడ కొత్త కాదు. 2021లో సవరించిన జాతీయ పశుగణ మిషన్‌లో సగం రాయితీ ఉంది గాని, అది 100 మేకలు, 5 పోతుల యూనిట్లతో మొదలవుతుంది. పదింటిని బతికించుకోలేనివాళ్లం వందకు పోకూడదు.

చివరగా అసలు మాట. ఆ 50,000 లెక్క వేసిన రోజున నాకు సిగ్గు వేసింది. అందులో సగం నాదంటే, తెల్లవారకముందే లేచి కొట్టం ఊడ్చి, ఆకు కోసి తెచ్చే ఆమె చాకిరీకి విలువేది? ఇంటి పనికి జీతం కట్టరని మనం బాధపడతాం గదా, ఊళ్లో ఉన్న ఆడదాని పనికి మనమే కట్టకపోతే ఎలా? ఇప్పుడు మా పుస్తకంలో మొదటి పద్దు ఆమె నెల జీతం. అది పోగా మిగిలితేనే పంపకం. నా వాటా చిన్నదే. కాని ఈ మధ్య ఆమె ఫోను చేస్తే ఏడుపు వినిపించడం లేదు, వెనక పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.