ఒడి కాదు... కారు సీటే!

కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో అమెరికా వెళ్తున్నారా? ఇక్కడిలా బిడ్డను పొత్తిళ్లలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కారులో ఇంటికి తీసుకురావడం అక్కడ కుదరదు. పసిపిల్లలకు కారు సీటు అన్ని రాష్ట్రాల్లోనూ తప్పనిసరి. చాలా ఆస్పత్రులు సీటు ఉందని చూశాకే ఇంటికి పంపుతాయి. ‘గట్టిగా పట్టుకుంటాంగా’ అనుకోవద్దు. కారు దేన్నైనా ఢీకొంటే ఎవరి పట్టూ నిలవదు. మూడు కిలోల పసికందు చేతుల్లోంచి ఎగిరిపోతుంది.

అందుకే నెలలు నిండకముందే సీటు బిగించి చూసుకోండి.

• కారు వెనక సీట్లో, బిడ్డ ముఖం వెనకవైపు ఉండేలా అమర్చాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో వద్దే వద్దు.

• పట్టీలు భుజాలకు సమానంగా లేదా కాస్త కిందనుంచి రావాలి. ఛాతీ క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి.

• చలికాలమైనా పట్టీల కింద దళసరి కోటు, దుప్పటి వద్దు. బిగించాక పైన కప్పండి.

• గడ్డం ఛాతీకి ఆనేలా తల వాలితే ఊపిరి అందదు. సీటు తగినంత వెనక్కి వాలి ఉండాలి.

37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను చాలాచోట్ల గంటన్నర, రెండు గంటలు సీట్లో ఉంచి శ్వాస, గుండె వేగం, ఆక్సిజన్ గమనిస్తారు. కంగారు పడకండి.

ఇల్లు చేరాక నిద్రలో ఉన్నా సరే, సీట్లోంచి తీసి చదునైన పక్కపై వెల్లకిలా పడుకోబెట్టండి. ఒళ్లో లాలించే ముచ్చట మెలకువ వచ్చాక తీర్చుకోవచ్చు!