పది గజాల హక్కు

మా సంస్థ ఆధ్వర్యంలో ఆదివారం ఉదయం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాం. ఆ మధ్య ఒక మ్యాచ్‌లో మావాళ్లు ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నారు. చివరి నిమిషాల్లో ఎదుటి జట్టుకు ఫ్రీకిక్ వచ్చింది. మా పిల్లవాడొకడు బంతికి రెండడుగుల దూరంలో నిలబడి కదల్లేదు. వాళ్లు జరగమని అడుగుతూ ఉండగానే సమయం గడిచిపోయింది. మైదానం పక్కన కూర్చున్న మేము చప్పట్లు కొట్టాం.

జుహర్ నమాజు ముగించుకొని వస్తుంటే ఆ పిల్లవాడే అడిగాడు: "చాచా, రెఫరీ జరగమనలేదు కదా. నేను చేసింది తప్పా?" మాలో ఎవరికీ వెంటనే జవాబు దొరకలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

ముందు నియమం తెలుసుకుందాం. ఒక జట్టు ఫౌల్ చేస్తే నష్టపోయిన జట్టుకు దక్కే పరిహారమే ఫ్రీకిక్. తన్నడం, తోయడం, కాలు అడ్డం పెట్టి పడేయడం, చేత్తో బంతిని ఆపడం వంటి తప్పులకు డైరెక్ట్ ఫ్రీకిక్ ఇస్తారు. దాన్ని నేరుగా గోల్‌లోకి కొట్టవచ్చు. ప్రమాదకరంగా ఆడినందుకు, రెఫరీ నిర్ణయాన్ని మాటలతో ధిక్కరించినందుకు ఇచ్చేది ఇన్‌డైరెక్ట్. అప్పుడు రెఫరీ చెయ్యి పైకెత్తి ఉంచుతాడు. బంతి మరో ఆటగాడిని తాకిన తర్వాత గోల్‌లోకి వెళ్తేనే లెక్క.

రెండింటిలోనూ, బంతిని తన్ని అది కదిలేవరకు ఎదుటి జట్టువాళ్లు కనీసం 9.15 మీటర్లు, అంటే పది గజాల దూరంలో ఉండాలి. తమ గోల్ గీత మీద, స్తంభాల మధ్య నిలబడేవారికి మాత్రమే మినహాయింపు. చిన్న పిల్లల పోటీల్లో మైదానాన్ని బట్టి ఈ దూరాన్ని తగ్గిస్తుంటారు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది గోడ కడితే, తన్నే జట్టువాళ్లు ఆ గోడకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలని 2019లో నియమం వచ్చింది. అంటే హద్దు ఇద్దరికీ ఉంది.

"రెఫరీ చెప్పినప్పుడు జరగాలి" అని నియమంలో ఎక్కడా లేదు. ఈల మోగగానే జరగవలసిన బాధ్యత మొదలవుతుంది. తన్నే జట్టు కావాలనుకుంటే మరో ఈల కోసం ఆగకుండా వెంటనే తన్నవచ్చు. అలా తన్నినప్పుడు దగ్గర్లో ఉన్నవాడికి బంతి దొరికితే ఆట సాగుతుంది. కానీ వెంటనే తన్ననివ్వకుండా కావాలని అడ్డు నిలిస్తే అది ఆటను ఆలస్యం చేయడమే. దానికి పసుపు కార్డు ఉంది.

తన్నే జట్టు దూరం కావాలని అడిగితే, రెఫరీ ఈలను చూపించి "ఈల వేసేదాకా తన్నవద్దు" అని చెప్పాలి. ఆ తర్వాత దూరం చూపించి, గోడను వెనక్కి పంపి, ఈల వేయాలి. పిల్లలతో ఒక్క చిన్న వాక్యం చాలు: "బాబూ, పది గజాలు వెనక్కి." చేత్తో నెట్టకూడదు, ఉపన్యాసం ఇవ్వకూడదు. మ్యాచ్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లకూ ఈ విషయం చెప్పి ఉంచితే గొడవలు చాలావరకు తగ్గుతాయి.

ఇక పిల్లవాడి ప్రశ్న. ఆ పది గజాలు రెఫరీ సొత్తు కాదు, ఎదుటి జట్టు హక్కు. హుఖూఖుల్ ఇబాద్ గురించి మనం ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. తోటివాడి హక్కును ఎవరూ అడగకుండానే చెల్లించాలని పిల్లలకు చెబుతాం. మైదానంలో మాత్రం, పట్టుబడేదాకా ఇవ్వనక్కర్లేదని చప్పట్లతో నేర్పాం. రెఫరీ చూడకపోతే చాలనుకున్న పిల్లవాడు రేపు దుకాణంలో తూకం దగ్గర ఏం చేస్తాడు?

మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ మొదట బడిలో ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆట నేర్పేవాడు కూడా గురువేనని మనకు గుర్తుచేసే పేరు అది.

తర్వాతి ఆదివారం ఆ పిల్లవాడికి జవాబు చెప్పాం: "తప్పే బాబూ. నీకన్నా మాది పెద్ద తప్పు." ఆ రోజు నుంచి మా సాధనలో ఒక అలవాటు పెట్టాం. ఫౌల్ ఈల వినగానే, తప్పు చేసిన జట్టు తనంతట తానే వెనక్కి నడవాలి. చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: గోల్‌కు కొట్టినంత గట్టిగా, వెనక్కి జరిగిన పిల్లవాడికీ చప్పట్లు కొట్టండి.

ఎవరూ చూడనప్పుడు కూడా ఇతరుల హక్కును కాపాడే గుణాన్ని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక. ఆమీన్.