చలికాలంలో కారు బ్యాటరీ – కొన్ని సంగతులు



డిసెంబరు వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ గల్లీల్లో తెల్లవారుజామున ఒక చప్పుడు వినిపిస్తుంటుంది. తాళం తిప్పితే ఇంజన్ లేవదు. ‘టక్... టక్’ అని ఆగిపోతుంది. ఆ వేళకి మెట్రో ఉండదు, మెకానిక్ షెడ్డు తెరవరు. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాల్సిన ప్రయాణికుడు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. మన హాస్టల్లో చదివి వెళ్లిన అన్నల్లో కొందరు ఉద్యోగం దొరికే దాకా అని స్టీరింగ్ పట్టారు. వాళ్లకి ఇది నవ్వుకునే విషయం కాదు. ఒక ట్రిప్పు పోతే ఆ రోజు కిస్తీ డబ్బుల్లో కోత పడుతుంది.

ఇలాంటప్పుడు చుట్టూ చేరిన నలుగురూ ‘చలికి బ్యాటరీ పోయింది’ అంటారు. మేం కూడా అదే అనుకునేవాళ్లం. మా ఇళ్లలో ఇంతకు ముందు ఎవరికీ కారు లేదు, బానెట్ ఎత్తి ఇది ఫలానా అని చూపించిన పెద్దలూ లేరు. పుస్తకాలు తిరగేసి, మెకానిక్ అన్నల పక్కన నిలబడి తెలుసుకున్నదేమిటంటే, మన ఊళ్లో బ్యాటరీని తినేసేది ఎండ. చలి ఆ సంగతిని బయటపెడుతుందంతే.

ఎలాగో చూద్దాం. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది, అన్నీ కలిపి 12.6. లోపల సీసపు పలకలు, సీసం డయాక్సైడు పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త ప్లాంటే కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ మూలంలో అదే. వేడి పెరిగితే ఏ రసాయన చర్యైనా వేగం పుంజుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. హైదరాబాదులో 1966 జూన్‌లో 45.5 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా, మే నెల మధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తాలో ఏసీ వేసుకుని ఇరుక్కుపోయిన కారు బానెట్ కింద వేడి ఎలా ఉంటుందో ఊహించుకోండి. లోపలి నీరు ఆవిరవుతుంది, పలకల చట్రం తుప్పు పడుతుంది. అయినా వేసవిలో కారు స్టార్ట్ అవుతూనే ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు.

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన తమ్ముళ్లకి విచాబ, అంతర్నిరోధం పాఠం గుర్తుండే ఉంటుంది. మార్కుల కోసం బట్టీ పట్టిన V = E – Ir సూత్రం నిజంగా పనిచేసే చోటు ఈ బానెట్ కిందే. ఫోన్ ఛార్జరు ఇచ్చేది ఒకటి రెండు ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు ఆ రెండు క్షణాల్లో వందకు పైగా లాగుతుంది. 150 ఆంపియర్లనుకుందాం. మంచి బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ అయితే లోపలే 1.5 వోల్టులు పోయి, 11.1 మిగులుతుంది. ఇంజన్ లేస్తుంది. అదే ఎండకి పాడైన బ్యాటరీలో నిరోధం 0.03 అయిందనుకోండి, 4.5 వోల్టులు లోపలే పోతాయి. మిగిలింది 8.1. టక్ మంటుంది, అంతే. చలిలో ఆమ్లం మందగించి నిరోధం ఇంకా పెరుగుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. సరఫరా తగ్గిన రోజే గిరాకీ పెరిగినట్టన్నమాట.

నిజానికి మన చలి ఎంత? హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. బ్యాటరీల మీద ‘సీసీఏ’ అని రాసే అంకెకి పరీక్ష చేసేది సున్నాకి 18 డిగ్రీల కింద! ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మన చలికి లొంగదు.

అయితే కారు లేవలేదనగానే కొత్త బ్యాటరీ కొనేయకూడదు. చిన్న కారుకైనా నాలుగైదు వేల మాట. మాకు తెలిసిన ఒక డ్రైవరన్న చేత ఒక షెడ్డులో బ్యాటరీ మార్పించారు. వారం తిరగక ముందే అదీ డౌన్ అయింది. అసలు లోపం ఆల్టర్నేటర్‌ది. కొన్ని వందలకే దొరికే మల్టీమీటరు ఉంటే ఈ బాధ తప్పుతుంది. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే చూస్తే 12.6 ఉండాలి. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కంటే దిగువన అంటే దాదాపు ఖాళీ. ఖాళీగా ఉందంటే చెడిపోయిందని కాదు, లోపలి లైటు ఆర్పడం మర్చిపోయి ఉండొచ్చు. ముందు పూర్తిగా ఛార్జింగ్ పెట్టించి చూడాలి. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే దిగువకి జారితే దాని పని అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. కొన్ని కొత్త కార్లలో ఇది కాస్త అటూఇటూ అవుతుంది. 12.5 దగ్గరే కదలకుండా ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వడం లేదు. అప్పుడు ఎంత ఖరీదైన బ్యాటరీ వేసినా దండగే.

ఇవన్నీ చూడబోయే ముందు టెర్మినళ్లని చేత్తో కదిపి చూడండి. వదులుగా ఉన్నా, తెల్లటి పచ్చటి పొడి పేరుకున్నా సగం రోగం అక్కడే. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఆ నీళ్లు గదుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉండాలి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు.

మార్చక తప్పనప్పుడు ఇంజన్ ఆపి, తాళం బయటకు తీసి, ముందు నల్ల వైరు, అంటే నెగెటివ్, విప్పాలి. ఎందుకంటే కారు బాడీ అంతా నెగెటివే. ముందు ఎర్రది విప్పుతుంటే పానా బాడీకి తగిలిందా, పెద్ద మెరుపు వస్తుంది, చెయ్యి కాలుతుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయాలి. బిగించేటప్పుడు ముందు ఎర్రది, చివర నల్లది. కింద పట్టీ బిగించకుండా వదిలేస్తే గతుకులకి పలకలు దెబ్బతింటాయి, మన రోడ్ల సంగతి చెప్పాలా! ఆమ్లం కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్ వద్దు, దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది.

పక్క కారు నుంచి కరెంటు తీసుకోవాలంటే ఎర్ర కేబుల్ రెండు పాజిటివ్‌ల మధ్య, నల్లది మంచి బ్యాటరీ నెగెటివ్ నుంచి ఆగిన కారు ఇంజన్ మీది ఉత్త ఇనుముకి. ఆ రెండో కొస బ్యాటరీకే తగిలించరాదు, అక్కడ నిప్పురవ్వ పుట్టడం ప్రమాదం.

కొనేటప్పుడు ఆంపియర్-అవర్ అంకె, టెర్మినళ్లు ఏ పక్కన ఉన్నాయన్నది, తయారైన నెల చూసుకోండి. నెలల తరబడి షాపులో కూర్చున్నది సగం ముసలిదే. కొన్ని కొత్త కార్లకి సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగే ఏర్పాటుంది, వాటికి వేరే రకం బ్యాటరీ కావాలి. బ్రాండు గురించి మేం చెప్పం. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ మన తెలుగువాళ్లదేనని చాలామందికి తెలియదు. అమర రాజా సంస్థను గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించారు. వారంటీ కార్డు మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకోవడం మాత్రం మరవద్దు.

పాత బ్యాటరీ షాపులోనే ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా వాటిని సేకరించి శుద్ధి చేసే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకి అమ్మకండి. ఆ పొగ, ఆ మట్టి చిన్నపిల్లల మెదడు మీద పనిచేస్తాయి.

చైతన్యపురిలో మేం ఉంటున్న గదిలో ఒక మల్టీమీటరు, ఒక జత జంపర్ కేబుళ్లు ఉన్నాయి. మన హాస్టల్ వాళ్లు ఎవరైనా, ఎంత పొద్దున్నైనా తలుపు తట్టి తీసుకెళ్లవచ్చు. సాయంత్రానికి తెచ్చి ఇచ్చేయాలి, పక్కరోజు ఇంకొకరికి కావాల్సి వస్తుంది.