తాడూ ముడీ తెలిసిన పిల్లలు

మీ యింట్లో ఎన్ని తాళ్లు వున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టి చూశారా? నూతి దగ్గర చేంతాడు, కొట్టంలో పలుపులు, దూడ మెడన తలుగు, ఎద్దుల ముకుతాళ్లు, పగ్గాలు, మోపులు కట్టే తాడు, బట్టలు ఆరవేసే దండెం, పసిపిల్ల వుయ్యాల. ట్రాక్టరు వచ్చిన యింట్లో పగ్గాలు పోయివుంటవి గాని, ట్రాలీ మీద గడ్డి బిగించటానికి ప్లాస్టిక్ మోకులు వచ్చివుంటవి. ఏమైనా తాడు లేని సేద్యం లేదు. మరి యిన్ని తాళ్లున్న యింట్లో, పనికి తగిన ముడి వేయగలవాళ్లు ఎందరు? పెద్దాయన ఒక్కడు. తక్కినవాళ్లం చేతికి వచ్చిన ముడి ఏదో వేస్తాం. అది వూడిపోతే తిట్టుకుంటాం, వూడిరాకపోతే కొడవలి పెట్టి కోస్తాం.

నా సంగతే చెబుతాను. నాకు పదేళ్లప్పుడు ఒకనాటి సాయంత్రం దూడను జామచెట్టుకు కట్టమన్నారు. కట్టాను. మెడకు వేసింది ఉరిముడి. అది ఉరిముడి అని నాకు తెలియదు. ముడి పడింది గదా అని ఆటకు పోయాను. దూడ తల్లికోసం చెట్టుచుట్టూ తిరిగింది. తిరిగినకొద్దీ తాడు పొట్టిదయింది, లాగినకొద్దీ మెడ బిగిసింది. మా నాయన పొలంనుంచి వచ్చేసరికి అది మోకాళ్లమీద పడి, నాలుక బయటపెట్టి వున్నది. ముడి విప్పబోతే గోరు కూడా దూరలేదు. కొడవలి తెచ్చి తలుగు తెగ్గోశాడు. దూడ బ్రతికింది. నన్ను కొట్టలేదు. తెగిన ముక్కను నా చేతిలో పెట్టి, కాళ్లు కడుక్కోవటానికి వెళ్లిపోయాడు.

అందువల్లనే, మీ పిల్లవాడో పిల్లో బళ్లో స్కౌటు దళంలోనో గైడు దళంలోనో చేరి, రెండు గజాల తాడు ముక్క పట్టుకుని యింటికి వస్తే విసుక్కోకండి అని చెప్పటానికి ఈ నాలుగు మాటలూ. “చదువు మానేసి తాళ్లతో ఆటలేమిట్రా” అంటారు కొందరు తండ్రులు. అది ఆట కాదు. 1907లో ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ తొలిసారి పిల్లల్ని శిబిరానికి తీసుకుపోయినప్పుడే ముళ్లు నేర్పించాడు. మన దేశంలో 1950 నవంబరు 7న వేరువేరు సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ఆ సంస్థలో పిల్లలు మొదట ఎక్కే మెట్టు అయిన ప్రథమ సోపాన్‌లోనే ఈ ముళ్లు వస్తవి. పదేళ్లు నిండిన పిల్లలు నేర్వగలిగినవే అన్నీ.

అయితే ఒకమాట. ఇవేవో సీమనుంచి వచ్చిన విద్యలని అనుకోవద్దు. మోకు కట్టుకుని తాడి చెట్టెక్కే గీతకార్మికుడికీ, వలలు అల్లే జాలరికీ, బండిమీద గడ్డి కట్టే ముసలాయనకీ ఈ ముళ్లలో చాలా భాగం చేతనవును. పేర్లు తెలియవు, అంతే. పిల్లవాడికి పేర్లు తెలుసు, చేతికి ఇంకా పట్టుబడలేదు. తాతనూ మనమణ్ణీ ఒక తాడు ముక్కతో అరుగుమీద కూర్చోబెట్టండి. ఇద్దరికీ లాభమే.

ముడి మంచిదా చెడ్డదా అనేది ఎట్లా తెలుసుకోవాలి? రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బరువు పడ్డప్పుడు జారకుండా వుంటుందా? పని అయినాక చేతితో విప్పటానికి వస్తుందా? మనం మామూలుగా వేసే పీటముడి మొదటిదానికి నిలిచినా రెండోదానికి నిలవదు. తడిసిన జనుపతాటికి పీటముడి వేసి చూడండి, పళ్లూడిపోతవి గాని ముడి వూడదు.

ముందు తేలిక ముడి. స్కౌట్లు దీన్ని రీఫ్ నాట్ అంటారు. రెండు కొసలు తీసుకుని, కుడిచేతిదాన్ని ఎడమదానిమీద వేసి ఒక మెలిక. తర్వాత ఎడమచేతికి వచ్చినదాన్ని కుడిదానిమీద వేసి ఇంకొక మెలిక. రెండుసార్లూ కుడిదాన్నే పైన వేశారో, అది తప్పుముడి, జారిపోతుంది. సరిగా పడితే ముడి బల్లపరుపుగా వుంటుంది, వంటికి గుచ్చుకోదు. అందుకే గాయానికి కట్టిన గుడ్డకు ఇదే తగినది. బియ్యం మూటకూ, పుస్తకాల కట్టకూ ఇదే. విప్పాలంటే ఒక కొసను వెనక్కు గట్టిగా లాగండి, తక్కినది జారి వచ్చేస్తుంది. కాని రెండు మోకులను అతికి బరువు లాగటానికి మాత్రం దీన్ని ఎన్నడూ నమ్మవద్దు. ఇది కట్టుకే గాని అతుకుకు కాదు.

అతుకుకు షీట్ బెండ్ అనేది వున్నది. చేంతాడు చాలలేదనుకోండి, ఇంకొక సన్నతాడు కలపాలి. లావుతాడు కొసను వెనక్కు వంచి వంపుగా పట్టుకోండి. సన్నతాడును ఆ వంపులోకి అడుగునుంచి పైకి తెచ్చి, వంపు రెండు కాళ్లనూ కలిపి వెనకనుంచి చుట్టి, ముందుకు వచ్చాక తన కిందుగా తానే దూరేటట్లు లాగండి. మళ్లీ వంపులోకి పోకూడదు. నునుపు తాళ్లయితే ఒక చుట్టు బదులు రెండు చుట్లు వేయండి. నైలాను తాళ్లు వచ్చాక ఈ రెండో చుట్టు తప్పనిసరి అయింది.

గుంజకు కట్టటానికి క్లోవ్ హిచ్ అనే ముడి నేర్పుతారు. గుంజచుట్టూ ఒకసారి తిప్పి, తాటిమీదుగా దాటించి, రెండోసారి తిప్పి, ఆ దాటిన తాటి కిందుగా కొస దూర్చి బిగిస్తే సరి. పందిరి వాసాలు కట్టటం ఈ ముడితోనే మొదలవుతుంది. దీనికి ఒక లోపం వున్నది. పశువు అటూ ఇటూ తిరిగి గుంజుతుంటే మెల్లగా వదులవుతుంది. అందువల్ల పశువునైనా, పెద్ద బరువునైనా చెట్టుకు కట్టేటప్పుడు, తాడును మానుచుట్టూ రెండుసార్లు తిప్పి, కొసను సాగివున్న తాటిచుట్టూ తిప్పి దూర్చే సగం ముడులు రెండు వేయండి. బరువంతా మానుమీది చుట్లే మోస్తవి. తాడు బిగువుమీద వున్నప్పుడు కూడా విప్పటం వీలవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, నూతి దగ్గర మళ్లీ పనికివస్తుంది.

ఇక అసలు ముడి. దీని పేరు బోలైన్. దీనితో వేసిన ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు, ఎంత వేశామో అంతే వుంటుంది. మా దూడ మెడకు పడవలసినది ఇదే.

వేయటం చెబుతాను, తాడు చేతపట్టుకుని చదవండి. తాటి కొసనుంచి రెండు మూరలు వదిలి, అక్కడ చిన్న మెలిక వేయండి. కొసవైపు తాడు పైన, పొడుగు తాడు కింద వుండేటట్లు మెలిక పడాలి. అది పుట్ట అనుకోండి. పైకి సాగివున్న పొడుగు తాడు చెట్టు. కొస పాము. పాము పుట్టలోనుంచి పైకి వచ్చింది; చెట్టు వెనకగా చుట్టి వచ్చింది; తిరిగి ఆ పుట్టలోకే దిగింది. ఇప్పుడు కొసనూ ఉచ్చునూ ఒక చేత, పొడుగు తాటిని ఒక చేత పట్టి బిగించండి. అంతే. పిల్లలు పాము కథతో పది నిమిషాల్లో నేర్చుకుంటారు. పెద్దవాళ్లకే కాస్త ఆలస్యమవుతుంది. కొస జానెడైనా మిగలాలి. నైలాను తాడయితే ఆ మిగిలిన కొసను పక్కనున్న ఉచ్చు తాటికి ఇంకొక ముడి వేసి కట్టండి, లేకపోతే కదలికలో వదులు కావచ్చు. సరిగా పడిందీ లేనిదీ చూడటానికి ఉచ్చులో మీ మోకాలు పెట్టి గుంజుకోండి. బిగిస్తే తప్పు వేశారన్నమాట. పశువు మెడమీద ఎప్పుడూ పరీక్ష చేయవద్దు.

ఇప్పుడు నూతి మాట. పొలాల్లో ఒర లేని బావులు ఇంకా వున్నవి. మడుగులో జారినట్లు పిల్లలు జారిపడుతూనే వున్నారు. పడ్డవాణ్ణి చూసి పక్కనున్నవాడు దూకుతాడు. ఈత రానివాడు దూకితే ఇద్దరూ పోతారు. ఈత వచ్చినవాడు దూకినా, మునిగేవాడు మెడ పట్టుకుంటే అతనికీ ప్రాణాపాయమే. స్కౌటు పిల్లలకు నేర్పే వరస వేరు. ముందు కేక వేసి నలుగుర్నీ పిలవాలి. వెంటనే తేలేది ఏదైనా విసరాలి: మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ట్యూబు, అరటి బోదె, ఈత నేర్చుకునేవాళ్లు నడుముకు కట్టుకునే ఎండు సొరబుర్ర. తర్వాత తాడు. ఒక కొస చెట్టుకు, రెండు చుట్లూ రెండు సగం ముడులూ వేసి కట్టాలి. రెండో కొసకు బోలైన్ ఉచ్చు, తలా రెండు చేతులూ దూరి చంకల కిందికి వచ్చేటంత పెద్దది వేసి దింపాలి. ఉరిముడి వేసి దింపితే, పైకి లాగేటప్పుడు రొమ్ము బిగిసి వూపిరాడదు. రక్షించబోయి చంపినట్లవుతుంది.

తాడు దింపేవాడు గట్టుమీద నిలబడి వంగకూడదు. బోర్లా పడుకోవాలి, అతని కాళ్లు ఇంకొకరు పట్టుకోవాలి. గట్టు అంచున గోనెసంచి మడిచి వేసి దానిమీదుగా తాడు లాగండి, రాయి అంచున కోసుకోకుండా వుంటుంది. అందరూ ఒక్కసారే, ఒక్క లెక్కన, మెల్లగా లాగాలి.

నీళ్లు తక్కువగా వున్న పాత బావి అయితే ఇంకొక ప్రమాదం. చాలాకాలం మూసివున్న బావిలో చెడుగాలి నిలుస్తుంది. పూడిక తీయటానికి దిగినవాడు పడిపోయాడని రెండోవాడు, రెండోవాడికోసం మూడోవాడు దిగి ప్రాణాలు పోగొట్టుకోవటం ఇట్లాగే జరుగుతుంది. దీపం దింపి చూసే పద్ధతి పెద్దలకు తెలుసు. దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే. కాని దీపం వెలుగుతున్నంత మాత్రాన గాలి మంచిదని కాదు. బావిలో నూనె ఇంజను నడిపితే వచ్చే పొగలోని విషవాయువు దీపాన్ని ఆర్పదు, మనిషిని మాత్రం పడగొడుతుంది. అందువల్ల అట్లాంటి బావిలోకి ఎవరూ దిగవద్దు. 101కు ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

పైకి తీశాక ఏమి చేయాలి? తలకిందులుగా వేలాడదీయటం, గిరగిర తిప్పటం, కడుపు నొక్కి నీళ్లు కక్కించటం మన వూళ్లలో అలవాటు. ఇవన్నీ మానండి. వాటితో పోయే నిమిషం మళ్లీ రాదు. వెల్లకిలా పడుకోబెట్టి, వూపిరి వున్నదేమో చూడండి. ఒకరిని 108కి ఫోను చేయటానికి పంపండి. వూపిరి లేకపోతే తల కాస్త వెనక్కు వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి అయిదుసార్లు వూదండి. రొమ్ము లేస్తున్నదో లేదో చూస్తూ వూదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము నడిమి ఎముక మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు పడే వేగంతో 30 నొక్కులు, తర్వాత రెండు వూపిరులు. అట్లా బండి వచ్చేదాకా ఆపకుండా చేయాలి. 1950ల నాటి పాత స్కౌటు పుస్తకం మీ యింట్లో వుంటే, అందులో బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కే పద్ధతి కనిపించవచ్చు. అది ఇప్పుడు చెల్లదు. వూపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిబట్టలు తీసి కప్పండి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవలసినదే. నీళ్లు వూపిరితిత్తుల్లో చేరినవాడికి కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చు.

ఇదంతా ఒకసారి చదివితే రాదు. అమ్మలారా, రాత్రి భోజనాలయినాక పిల్లవాడి చేత ఆ బోలైన్ వేయించండి. వారం రోజులు కళ్లు తెరిచి, తర్వాత వారం కళ్లు మూసుకుని. దీపం లేని రాత్రి, చేతులు వణుకుతున్నప్పుడు వేయవలసి వచ్చే ముడి ఇది. పిల్లవాడి కంటె చెల్లెలు ముందు నేర్చుకుంటే ఆశ్చర్యపోకండి, మా యింట్లో అట్లాగే జరిగింది.

తాటిని కూడా చూసుకోవాలి. ముడి పడిన చోట తాడు బలం తగ్గుతుంది, సగం దాకా తగ్గినా తగ్గవచ్చు. కనుక నూతి తాడు కొంచెం లావుదే కొనండి. జనుపతాడు, గోగునార తాడు తడి ఆరకుండా చుట్టచుట్టి పెడితే లోపల కుళ్లుతుంది. ప్లాస్టిక్ తాడు ఎండలో పడి పెళుసవుతుంది. విడిపోతున్న కొసకు సన్నదారం దగ్గరదగ్గరగా చుట్టి కట్టాలి. ప్లాస్టిక్ కొస అయితే పెద్దవాళ్లు మంటకు చూపి అతుక్కునేటట్లు చేస్తే సరి.

మీ బావి దగ్గర వాడుకలో వున్న చేంతాడు కాక, వేరే ఒక తాడు, పదిహేను గజాలు తక్కువ కాకుండా, ఒక కొసకు బోలైన్ ఉచ్చు ముందే వేసి, పక్కనున్న చెట్టుకు నీడపట్టున తగిలించి వుంచండి. దానితో మోపులు కట్టవద్దు, గేదెను కట్టవద్దు. ఏటా తొలకరికి ముందు దాన్ని దించి, మూర మూరకూ వంచి చూసి, నలిగిన చోటు కనబడితే మార్చి కొత్తది తగిలించండి.