బండికి వణుకెందుకు?

పికప్ వ్యాను గంటకు 72 కిలోమీటర్ల వేగం అందుకోగానే వణుకుతుంది. వేగం పెంచినా, తగ్గించినా వణుకు తగ్గుతుంది. దోషి ఇంజనేనా? డ్రైవరును అదే వేగంలో గేరు మార్చమనండి. ఇంజను తిరిగే వేగం మారినా వణుకు మారలేదా? అయితే ఇంజను నిర్దోషి!

ఇక చక్రాన్ని అనుమానించాలి. చుట్టుకొలత 2 మీటర్లయితే, ఆ వేగంలో అది సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. కేంద్రానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఒకవైపు 30 గ్రాములు ఎక్కువున్నా చాలు, దాదాపు రెండున్నర కిలోల బరువంత బలంతో ఇరుసును సెకనుకు 10 సార్లు కుదుపుతుంది. ఇరుసు సహజంగా ఊగే లయ కూడా అదే అయితే, ఊయలను సరైన సమయంలో తోసినట్లే! ఇదే అనునాదం.

సాధారణంగా స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, సీటు వణికితే వెనుక చక్రాలను పరీక్షించాలి. తేలిక వైపు రిమ్ముకు చిన్న లోహపు బిళ్ళ బిగిస్తే తూకం కుదురుతుంది. కానీ టైరు ఉబ్బి ఉంటే బిళ్ళతో సరిపెట్టకూడదు. అది పేలిపోవచ్చు; వెంటనే మార్చాల్సిందే!